మెదడువాపు తగ్గినా ఆగని ఫిట్స్: ఆపరేషనా, వీఎన్ఎస్ పరికరమా, ఇంకో మందా?

ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్, అంటే మన రోగనిరోధక శక్తే మన మెదడు మీద పడి తెచ్చే మెదడువాపు, వచ్చి, ఐసీయూ దాటి, మనిషి ఇంటికి చేరాక కూడా ఫిట్స్ ఆగకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా చెల్లెలి జబ్బు ఇదే. "తల ఆపరేషన్ చేయిస్తే ఒక్కసారికి పోతుందట" అని ఒక బంధువు ఫోన్ చేస్తారు. "మెదడు మీద కత్తి పెట్టిస్తారా, మతి ఉండే మాట్లాడుతున్నారా" అని ఇంకొకరు కోప్పడతారు. ఇద్దరికీ మన మీద ప్రేమే. కానీ ఇద్దరూ చెప్పేది మామూలు మూర్ఛ గురించి. మెదడువాపు తర్వాత మిగిలిపోయిన మూర్ఛకు లెక్క వేరు. నేను డాక్టర్ని కాను. డాక్టర్ల ముందు కూర్చునే లోపు ఇంటివాళ్లకు ఏం తెలిసి ఉంటే మేలో, అది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆపరేషన్‌కు పనికొస్తారా లేదా అని తేల్చే పరీక్షలకు త్వరపడాలి. ఆపరేషన్‌కు మాత్రం, ఈ జబ్బులో, నిదానించాలి. చాలామంది ఈ రెంటినీ ఒకే నిర్ణయం అనుకుంటారు. "మాకు ఆపరేషన్ వద్దు" అని పరీక్షలు కూడా మానేస్తారు, లేదా పరీక్షలకు చేరిన రోజే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు భయపడతారు. పరీక్షలన్నీ అయ్యాక "మీకు ఆపరేషన్ సరిపడదు" అనే జవాబు రావడం ఈ జబ్బులో మామూలే. ఆ జవాబు కూడా విలువైనదే, ఎందుకంటే తర్వాతి దారి దాన్నిబట్టే తెలుస్తుంది.

మందులకు లొంగలేదని ఎప్పుడనాలి

అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2010లో ఇచ్చిన నిర్వచనం ఇలా ఉంటుంది: ఆ రకం ఫిట్స్‌కు తగిన మందులు రెండు, ఒంటికి పడేవి, సరైన డోసులో వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే అది మందులకు లొంగని మూర్ఛ. ఇక్కడ 'సరైన డోసు' అన్నమాట ముఖ్యం. ఒళ్లు తూలుతోందని సగం డోసులోనే వదిలేసిన మందు ఈ లెక్కలోకి రాదు. గ్లాస్గోలో మూర్ఛ రోగులను చాలాకాలం గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు మందు వాడనివాళ్లలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండో మందుతోనో మూడో మందుతోనో ఆగినవాళ్లు ఇంకో 14 శాతమే. అందుకే నాలుగో మందు, ఐదో మందు అంటూ ఏళ్లు గడపడం మంచిది కాదు. మూడో మందు రాసిన రోజే పరీక్షల మాట ఎత్తాలి.

దానికంటే ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మాధాపూర్ నైట్ షిఫ్టులు, శివరాత్రి జాగారం, బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆలస్యంగా పడుకోవడం, ఉపవాసం రోజు మాత్రలు కూడా మానేయడం, వీటితో వచ్చిన ఫిట్స్‌ను మందు ఖాతాలో వేయకూడదు. దేవుడికి మాత్రతో పేచీ లేదు. ఉపవాసం రోజైనా గుక్కెడు నీళ్లతో మాత్ర వేసుకోవాల్సిందే.

వాపు మిగిలి ఉందా, మచ్చ మిగిలిందా

అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. మెదడులో ఇంకా వాపు నడుస్తూ ఉంటే ఆ వాపును అణచే మందులు పనిచేస్తాయి. వాపు తగ్గిపోయి మచ్చ మాత్రమే మిగిలితే స్టెరాయిడ్లు ఎన్ని ఇచ్చినా షుగరూ బరువూ పెరగడమే తప్ప ఫిట్స్‌కు ఒరిగేది తక్కువ. 2020లో అంతర్జాతీయ సంఘం ఈ రెండిటికీ వేర్వేరు పేర్లే పెట్టింది. వాపు ఉన్నప్పుడు వచ్చే ఫిట్స్ ఒకటి, అది పోయాక శాశ్వతంగా మిగిలే మూర్ఛ ఇంకొకటి.

మెదడు మీద దాడి చేస్తున్నది ఏ యాంటీబాడీ (రోగనిరోధక శక్తి తయారుచేసే ప్రొటీన్) అన్నదాన్నిబట్టి కథ మారిపోతుంది. కింద చెప్పే పేర్లు ఆ రకాలవే. ఎన్ఎండీఏ రకాన్ని 2007లో గుర్తించారు. ఎక్కువగా అమ్మాయిల్లో వస్తుంది. కొందరికి అండాశయంలో టెరటోమా గడ్డ ఉంటుంది, దాన్ని తీసేస్తేనే జబ్బు దారికొస్తుంది. ఎల్‌జీఐ1 రకం ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లలో చూస్తారు. ముఖం, అదే వైపు చెయ్యి క్షణంపాటు మెలిపడతాయి, అలా రోజుకు పదుల సార్లు రావచ్చు. రక్తంలో సోడియం పడిపోతుంది. ఈ రెండు రకాల్లోనూ సరైన సమయంలో ఇమ్యూన్ చికిత్స (రోగనిరోధక శక్తి దాడిని అణచే చికిత్స) అందితే ఎక్కువమందికి ఫిట్స్ ఆగిపోతాయి, శాశ్వత మూర్ఛ మిగలడం తక్కువ. ఎల్‌జీఐ1లో మిగిలేది చాలావరకు మతిమరుపు. కాబట్టి ఈ రకాల్లో మొదటి ఏడాదిలోనే ఎవరైనా ఆపరేషన్ మాటెత్తితే ఆగి అడగండి: ఇమ్యూన్ చికిత్స పూర్తిగా ఇచ్చామా?

గ్యాడ్65 రకం మొండిది. మా ఇంట్లోది అదే. చాలాసార్లు యువతుల్లో, మెల్లగా, టెంపోరల్ లోబ్ (చెవి పక్కనుండే మెదడు భాగం) మూర్ఛలా మొదలవుతుంది. ఉన్నట్టుండి చూపు ఆగిపోవడం, పెదాలు చప్పరించడం, తర్వాత ఏం జరిగిందో గుర్తు లేకపోవడం దీని లక్షణాలు. స్టెరాయిడ్లకూ మూర్ఛ మందులకూ అంతగా లొంగదు. ఇంకో చిక్కు కూడా ఉంది. గ్యాడ్65 యాంటీబాడీ కొద్ది మోతాదులో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. రిపోర్టులో 'పాజిటివ్' అని ఉన్నంత మాత్రాన మూర్ఛకు అదే కారణమని కాదు. ఎంత ఎక్కువగా ఉంది, వెన్నునీటిలో కూడా ఉందా అన్నది చూడాలి.

ఇక యాంటీబాడీ ఏదీ దొరకనివాళ్లు ఉంటారు. హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు ఆటోఇమ్యూన్ రకం తగులుకున్నవాళ్లూ ఉంటారు. వీళ్లకు పేరుకంటే ఎంఆర్ఐలో ఏం కనిపిస్తోంది, అది మారుతోందా ఆగిందా అన్నదే దారి చూపిస్తుంది.

ఇంకోసారి ఇమ్యూన్ చికిత్స

వాపు ఉండొచ్చన్న అనుమానం మిగిలితే ఆపరేషన్‌కంటే ముందు ఇది చూడటమే న్యాయం. మేయో క్లినిక్ వైద్యులు 2014లో ఒక పద్ధతి ప్రచురించారు. ఆటోఇమ్యూన్ మూర్ఛ అని అనుమానించిన 29 మందికి 6 నుంచి 12 వారాలపాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్లో, ఐవీఐజీయో (దాతల రక్తంనుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం) ఇచ్చి చూశారు. 18 మందికి ఫిట్స్ బాగా తగ్గాయి, వాళ్లలో 10 మందికి పూర్తిగా ఆగాయి. కణాల పైపొరను తాకే యాంటీబాడీలు (ఎన్ఎండీఏ, ఎల్‌జీఐ1 లాంటివి) ఉన్నవాళ్లకు ఫలితం ఎక్కువగా వచ్చింది. ఈ పద్ధతిలో నాకు నచ్చింది గడువు. ఇన్ని వారాలు చూద్దాం, ముందూ తర్వాతా ఫిట్స్ లెక్క రాసుకుందాం, తగ్గకపోతే ఆపేద్దాం అని ముందే అనుకుంటారు. గడువు లేకుండా ఏళ్లతరబడి స్టెరాయిడ్ మింగిస్తే ఎముకలు, కళ్లు, షుగర్ అన్నీ దెబ్బతింటాయి.

రోగనిరోధక శక్తిని అణచే రిటుక్సిమాబ్ లాంటి మందులు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. మన దగ్గర టీబీ కూడా చూసుకోవాలి. ఇంకో సంగతి: రోగనిరోధక శక్తిని అణచే మందులు నడుస్తుండగా తలలోనో ఛాతీలోనో ఆపరేషన్ అంటే గాయం మానడం, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవడం కష్టమవుతుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ మందులిచ్చే డాక్టరూ, ఆపరేషన్ చేసే డాక్టరూ కలిసి కూర్చుని తేల్చాలి.

ఆపరేషన్: ఆశ ఎంత, భయం ఎంత

మూర్ఛ ఆపరేషన్‌కు గట్టి రుజువులున్నాయి. 2001లో కెనడాలో టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్న 80 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చూస్తే, ఏడాది తర్వాత స్పృహ తప్పించే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ గుంపులో 58 శాతం, మందుల గుంపులో 8 శాతం. మన ఢిల్లీ ఎయిమ్స్ 2017లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో 116 మందిని తీసుకుంటే ఏడాదికి ఫిట్స్ ఆగినవాళ్లు ఆపరేషన్ వైపు 77 శాతం, మందుల వైపు 7 శాతం. అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది, అది దాచకూడదు. ఆపరేషన్ అయిన పిల్లల్లో మూడోవంతు మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి, ఎక్కువగా ఒక పక్క బలహీనత. మెదడులో ఎంత భాగం, ఎక్కడ తీశారన్నదాన్నిబట్టి ఇది ముందే ఊహించేదే.

ఈ అంకెలు చూపించి మనకు ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. కానీ ఆ 80 మందీ, ఆ 116 మందీ మనలాంటివాళ్లు కారు. వాళ్ల మూర్ఛకు మూలం చాలావరకు ఒకే చోట ఉంది. మెదడువాపు ఒక చోట ఆగే జబ్బు కాదు. ఎంఆర్ఐలో ఎడమ హిపోకాంపస్ (టెంపోరల్ లోబ్‌లో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగం) ఒక్కటే కుంచించుకుపోయినట్టు కనిపించినా, కుడివైపు కూడా కొంత దెబ్బ తిని ఉండొచ్చు. ఆటోఇమ్యూన్ మూర్ఛకు ఆపరేషన్ చేసిన వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి గానీ అవన్నీ చిన్న గుంపులు. అందులో, ముఖ్యంగా గ్యాడ్65లో, ఫలితం మామూలు హిపోకాంపస్ మచ్చకు వచ్చినంత బాగా లేదు. కొందరికి పూర్తిగా ఆగింది, కొందరికి తగ్గింది, కొందరికి కొన్ని నెలలు ఆగి ఇంకో వైపు నుంచి మొదలైంది.

కాబట్టి ఆపరేషన్ అనే మాటకు ముందు మూడు జవాబులు కావాలి. వాపు నిజంగా ఆగిపోయిందా? ఫిట్స్ అన్నీ ఒకే చోటునుంచి పుడుతున్నాయా? ఆ చోటు తీసేస్తే మిగిలిన వైపు జ్ఞాపకశక్తిని మోయగలదా? మూడిటికీ 'అవును' అని రాకుండా ఎవరు ఎంత పేరున్న సర్జన్ అయినా సరే, మీరు ఆగి ఇంకోచోట అడగడంలో తప్పు లేదు.

మొదటిదానికి కొంత ఎడం ఇచ్చి మళ్లీ తీసిన ఎంఆర్ఐలు పోల్చి చూస్తారు, అవసరమైతే వెన్నునీరు తీస్తారు. రెండోదానికి వీడియో ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష. ఆసుపత్రిలో ఉంచి, మందులు తగ్గించి, ఫిట్స్ వచ్చేదాకా కెమెరాతో, తలకు తీగలతో గమనిస్తారు. ఫిట్స్ రావాలని ఎదురుచూడటం ఇంటివాళ్లకు నరకమే. కానీ అలా పట్టుకున్న నాలుగైదు ఫిట్స్ చెప్పే నిజం ఎన్ని స్కాన్లు తీసినా రాదు. అన్నీ ఎడమనుంచే వస్తున్నాయనుకున్న మనిషికి సగం కుడినుంచి వస్తున్నాయని అక్కడే తెలుస్తుంది. కొన్నిసార్లు అవి అసలు మూర్ఛే కావని, మానసిక ఒత్తిడివల్ల వచ్చేవని కూడా తెలుస్తుంది. అప్పుడు వైద్యమే మారిపోతుంది. 3 టెస్లా ఎంఆర్ఐ (శక్తి ఎక్కువున్న ఎంఆర్ఐ), పెట్ స్కాన్ (మెదడులో ఏ భాగం ఎంత చురుగ్గా ఉందో చూపేది) దీనికి తోడు. పెట్‌లో రెండు టెంపోరల్ లోబులూ మసకగా కనిపిస్తే డాక్టర్ గొంతు కాస్త తగ్గుతుంది. మా చెల్లెలి విషయంలో అదే జరిగింది. అయినా అనుమానం తీరకపోతే స్టీరియో ఈఈజీ ఉంది. పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి లోపలికి ఎలక్ట్రోడ్లు పంపి చూస్తారు. ఈ జబ్బులో అది లేకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవాలంటే మిగతా పరీక్షలన్నీ ఒకే మాట చెప్పి ఉండాలి.

మూడోది జ్ఞాపకశక్తి. దీన్ని హైదరాబాద్‌లో చాలా ఇళ్లు తేలిగ్గా తీసుకోవడం చూశాను, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి రెండువైపులా హిపోకాంపస్‌లు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ రోజునుంచి చనిపోయేదాకా, యాభై ఏళ్లకు పైగా, కొత్త మనిషి పేరుగానీ, పొద్దున తిన్నదిగానీ గుర్తుంచుకోలేకపోయాడు. ఆ తర్వాత ఎవరూ రెండువైపులా తీయరు. అయితే మెదడువాపులో ఒక వైపు ఇప్పటికే జబ్బు తినేసి ఉంటే? రెండో వైపు సర్జన్ తీస్తే ఫలితం దాదాపు అదే అవుతుంది. ఎల్‌జీఐ1 వచ్చి పోయినవాళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

అంత దూరం వెళ్లకపోయినా, ఎడమ టెంపోరల్ ఆపరేషన్ తర్వాత మాటలకు సంబంధించిన జ్ఞాపకం తగ్గేవాళ్లు సుమారు 44 శాతం, కుడివైపు చేస్తే సుమారు 20 శాతం అని 2011లో పలు అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు లెక్కగట్టారు. ఇందులో విచిత్రంగా అనిపించే సంగతి ఒకటుంది. ముందే బాగా మరిచిపోయే మనిషికి పోయేది తక్కువ. జ్ఞాపకం బాగున్న మనిషికే ఎక్కువ పోతుంది. బళ్లో పాఠాలు చెప్పే టీచరమ్మ, బ్యాంకులో పనిచేసే అబ్బాయి, వీళ్లకు పదిహేను రోజులకోసారి వచ్చే చిన్న ఫిట్స్‌కంటే ఆ నష్టం పెద్దది కావచ్చు. రోజూ పడిపోయి తల పగలగొట్టుకునే మనిషికి ఆ నష్టం భరించదగ్గదే కావచ్చు. దీన్ని ఆ మనిషే చెప్పాలి. ఇంటిపెద్ద చెప్పకూడదు.

జ్ఞాపకశక్తినీ ఆలోచననూ కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష మాతృభాషలో జరిగేలా పట్టుబట్టండి. మాటల జాబితా చదివి, అరగంట తర్వాత ఎన్ని గుర్తున్నాయో అడుగుతారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు ఇంగ్లిష్ జాబితా ఇస్తే మార్కులు పడిపోతాయి. పాతబస్తీలో ఉర్దూ మీడియంలో చదివిన అబ్బాయికి తెలుగు జాబితా ఇచ్చినా అంతే. ఆ మార్కుల మీదే ఏ వైపు తీయొచ్చో నిర్ణయిస్తారు మరి.

మిగతా ప్రమాదాలు క్లుప్తంగా: టెంపోరల్ ఆపరేషన్‌లో ప్రాణం పోయే అవకాశం నూటికి ఒకటికంటే తక్కువ. కొందరికి చూపులో పైమూల ఒకటి కనిపించకుండా పోతుంది. కొన్ని నెలలపాటు దిగులు పట్టుకోవచ్చు, ముందే అలాంటిది ఉన్నవాళ్లకు మరీను. ఆపరేషన్ అయ్యాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు మూర్ఛ మందులు నడుస్తాయి.

ఒక మాట ఆడపిల్లల తల్లిదండ్రులకు. "సంబంధాలు చూసేలోపు అయిపోవాలి" అని ఆపరేషన్ తేదీ పెట్టించుకునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డుగా చూపే మాటను 1999లోనే తీసేశారు. దాచి చేసే పెళ్లికంటే, చెప్పి ఆలస్యంగా చేసే పెళ్లి ఆ పిల్లకు క్షేమం. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు వాడుతున్న అమ్మాయి అయితే పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడాలి, కడుపులో బిడ్డకు ఆ మందు ప్రమాదం. చెప్పకుండా ఆపేయడం ఇంకా ప్రమాదం.

ఆగితే ప్రమాదం ఉన్న చోటు

నిదానించమన్నాను గానీ, రాస్‌ముసెన్ ఎన్‌సెఫలైటిస్‌కు అది వర్తించదు. 1958లో వర్ణించిన ఈ జబ్బు ఎక్కువగా పిల్లల్లో వస్తుంది, మెదడులో ఒక సగాన్నే తినేస్తుంది. ఒక పక్క చెయ్యి ఆగకుండా అదురుతూ ఉంటుంది, మెల్లగా ఆ పక్క పడిపోతుంది. ఇమ్యూన్ మందులు దాన్ని నెమ్మదింపజేస్తాయే తప్ప సాధారణంగా ఆపలేవు. ఆ సగాన్ని మిగతా మెదడునుంచి వేరుచేసే హెమిస్ఫెరాటమీతో ఎక్కువమంది పిల్లలకు ఫిట్స్ ఆగుతాయి. ఆ పక్క వేళ్లతో సన్నని పనులు చేయలేరు, అటువైపు సగం చూపు పోతుంది, కానీ చాలామంది నడుస్తారు. ఎడమవైపు అయితే మాట పోతుందన్న భయం ఉంటుంది. చిన్న వయసులో మాట కుడివైపుకు మారే అవకాశం ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇక్కడ ఏళ్లు ఆగితే పోగొట్టుకునేదే ఎక్కువ.

వీఎన్ఎస్: ఆపదు, తగ్గిస్తుంది

ఆపరేషన్ సరిపడదని తేలినవాళ్లకు ఎక్కువగా చెప్పేది ఇదే. ఎడమ ఛాతీలో చర్మం కింద చిన్న పరికరం పెట్టి, మెడలోని వేగస్ నరానికి తీగ చుడతారు. అది కొన్ని నిమిషాలకోసారి నరాన్ని ప్రేరేపిస్తుంది. అమెరికాలో 1997లో మూర్ఛకు అనుమతి వచ్చింది. పుర్రె తెరవరు, జ్ఞాపకం పోదు, నచ్చకపోతే ఆపేయొచ్చు. ఈ మూడు కారణాలకే మేము దీన్ని ఎంచుకున్నాం.

అయితే ఆశ ఎంతవరకు పెట్టుకోవాలో తెలియాలి. ఏడాది రెండేళ్లకు సుమారు సగం మందికి ఫిట్స్ సగానికి తగ్గుతాయి. పూర్తిగా ఆగేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. మొదటి నెలల్లో ఏమీ తేడా కనిపించదు, మెల్లగా పెంచుకుంటూ వెళ్తారు. గొంతు బొంగురుపోవడం, దగ్గు మామూలే. పాట పాడేవాళ్లు, క్లాసులు చెప్పేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే అది పెరగొచ్చు. కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోతే మళ్లీ చిన్న ఆపరేషన్, మళ్లీ ఖర్చు. ఎంఆర్ఐ తీయించాలంటే పరికరం ఉందని ముందే చెప్పాలి. వాపు తిరగబెట్టే జబ్బు కాబట్టి మనకు ఎంఆర్ఐలు తప్పవు, పెట్టించే ముందే ఏ మోడల్‌కు ఎలాంటి ఎంఆర్ఐ కుదురుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. ఫిట్స్ మొదలవుతున్నట్టు అనిపిస్తే పరికరం మీదుగా తిప్పే అయస్కాంతం ఒకటి ఇస్తారు. కొందరికి దానితో ఫిట్స్ మధ్యలోనే ఆగుతుంది.

ఆపరేషన్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక సూటిగానే ఉంది. పూర్తిగా ఆగే అవకాశం కోసం కొంత మెదడును ఇచ్చుకోవడం ఆపరేషన్. ఏమీ ఇచ్చుకోకుండా కొంత ఉపశమనంతో సరిపెట్టుకోవడం వీఎన్ఎస్. పై మూడు జవాబులూ 'అవును' అయిన మనిషి వీఎన్ఎస్‌తో సరిపెట్టుకోవడం నష్టమే. ఒక్కటి 'కాదు' అయిన మనిషి ఆపరేషన్‌కు వెళ్లడం ఇంకా పెద్ద నష్టం.

మిగతా దారులు

డీబీఎస్‌లో మెదడు లోతున థాలమస్ అనే భాగంలో ఎలక్ట్రోడ్లు పెట్టి సన్నని కరెంటుతో ప్రేరేపిస్తారు. 110 మంది మీద జరిగిన శాంటే అధ్యయనంలో ఐదేళ్లకు ఫిట్స్ సగటున 69 శాతం తగ్గాయి. రెండువైపులనుంచీ ఫిట్స్ వచ్చేవాళ్లకు ఇది కూడా పనికొస్తుంది. కానీ మొదటి నెలల్లో దిగులు, మతిమరుపు గురించిన ఫిర్యాదులు ఎక్కువగా వచ్చాయి. మెదడువాపు తర్వాత ఆ రెండూ ముందే ఉన్న మనిషికి ఇది రెండోసారి ఆలోచించాల్సిన విషయం.

లేజర్‌తోనో, స్టీరియో ఈఈజీ ఎలక్ట్రోడ్ల ద్వారా వేడితోనో చిన్న భాగాన్నే మాడ్చే పద్ధతులున్నాయి. కోత తక్కువ, కోలుకోవడం త్వరగా. పూర్తి ఆపరేషన్‌తో పోలిస్తే ఫిట్స్ ఆగే అవకాశం తక్కువ. మూలం ఎక్కడో తేలకపోతే ఇవీ పనికిరావు.

పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటో, మాడిఫైడ్ అట్కిన్స్ ఆహారం పిల్లల్లో బాగా, పెద్దల్లో కొంతమేర పనిచేస్తాయి. చిక్కు మన కంచంలోనే ఉంది. మాడిఫైడ్ అట్కిన్స్‌లో రోజు మొత్తానికి పిండిపదార్థం 20 గ్రాముల లోపు, ఒక కప్పు అన్నంలోనే సుమారు 45 గ్రాములు. ఇడ్లీ, పప్పన్నం, సర్వపిండి అన్నీ పక్కన పెట్టాలి. గుడ్లు, పనీర్, కొబ్బరి, నెయ్యి, ఆకుకూరలతో నడుస్తుంది గానీ డైటీషియన్ లేకుండా మొదలుపెట్టకండి. ఇంట్లో ఒక్కరికే వేరే వంట అన్నప్పుడు ఆ భారం అమ్మ మీదో, భార్య మీదో పడుతుంది. వాళ్లను కూడా అడిగి నిర్ణయించండి.

ఏ దారీ పట్టకుండా ఉండిపోవడం కూడా ఒక ఎంపికే, దానికీ ప్రమాదం ఉంది. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏటా వెయ్యిమందిలో సుమారు ఒకరు ఏ కారణమూ తెలియకుండా హఠాత్తుగా, తరచుగా నిద్రలో, చనిపోతారు. పెద్ద ఫిట్స్ తరచుగా వచ్చేవాళ్లలో ఇది చాలా ఎక్కువ. అందుకే పెద్ద ఫిట్స్ వస్తున్న మనిషిని రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం వద్దు. ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన మిడజోలమ్ ముక్కు స్ప్రే కొట్టి 108కి ఫోన్ చేయండి.

హైదరాబాద్‌లో ఎక్కడికి, డబ్బు ఎలా

పంజాగుట్ట నిమ్స్‌లో, సికింద్రాబాద్ కిమ్స్‌లో మూర్ఛ ఆపరేషన్లు ఏళ్లుగా చేస్తున్నారు. ఇంకొన్ని కార్పొరేట్ ఆసుపత్రులూ చేస్తున్నాయి. ఆసుపత్రి పేరుకంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి: మూర్ఛకే ప్రత్యేకమైన న్యూరాలజిస్ట్, సర్జన్, న్యూరోసైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మన కేసు మాట్లాడతారా? ఆటోఇమ్యూన్ కేసులకు ఇంతకుముందు ఎన్ని చేశారు, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు? ఈ ప్రశ్నకు విసుక్కునే చోట మా చెల్లెల్ని నేను చేర్పించను.

రెండో అభిప్రాయానికి తిరువనంతపురంలోని శ్రీచిత్ర ఆసుపత్రి మంచి చోటు, 1995 నుంచి అక్కడ మూర్ఛ ఆపరేషన్లు జరుగుతున్నాయి. సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా దిగొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఇంకా దగ్గర.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షలు. పరిమితి ఉంటే చాలదు, మీకు రాసిన చికిత్స ప్యాకేజీలో ఉందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఈ పథకం పనులు చూసే ఉద్యోగిని) చేరకముందే అడగండి. వీడియో ఈఈజీ, పెట్ స్కాన్, ఆపరేషన్, పరికరం, ఒక్కోదాని గురించి విడివిడిగా అడగాలి. నిమ్స్‌లో అయితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీకి (ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రానికి) ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు, ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేషన్ కాగితం దానికి కావాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్లు సనత్‌నగర్ నుంచి రిఫరల్ ముందుగా తీసుకోవాలి, తర్వాత తెచ్చుకుంటామంటే కుదరదు.

ఎక్కడికి వెళ్లినా వెంట ఉండాల్సినవి: ఎంఆర్ఐ ఫిల్ములు కాదు, సీడీలు, మొదటిదానినుంచి అన్నీ. యాంటీబాడీ రిపోర్టులు, రక్తానివీ వెన్నునీటివీ విడిగా. ఏ మందు ఎంత డోసులో ఎన్ని నెలలు వాడారు, ఎందుకు ఆపారు అన్న కాగితం. ఇమ్యూన్ చికిత్స ఇచ్చిన తేదీలు. ఫిట్స్ డైరీ. ఫోన్‌లో తీసిన వీడియోలు రెండు మూడు, ముఖం, రెండు చేతులూ కనిపించేలా, మొదలైన క్షణంనుంచి ఉంటే మరీ మంచిది. ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, తల ఎటు తిరిగింది, తేరుకున్నాక మాట ఎంతసేపటికి వచ్చింది అన్నవి డాక్టర్ వాటిలో వెతుకుతారు.